భవిత చేసిన రాకెట్

మేడ్చల్‌లో పర్వతాలు అనే ఆయన ఉండే వీధికి ఒక పూసల చిలుక ఉండేది. ఎవరు అల్లారో, ఎప్పుడు అల్లారో ఎవరికీ గుర్తు లేదు. ఆకుపచ్చ పూసల ఒళ్ళు, ఎర్ర పూసల ముక్కు, ఒక కన్ను ఎప్పుడో ఊడిపోయింది. ఏ ఇంట్లో పెళ్ళిచూపులు జరిగినా ఆ పూట చిలుక ఆ ఇంటి షోకేసులోకి చేరేది. మగపెళ్ళివారు కూర్చోగానే తల్లి దాని వైపు చెయ్యి చూపించి "మా బిడ్డనే అల్లింది" అనేది. అల్లని పిల్ల తల వంచుకునేది. వచ్చినవాళ్ళకు ఇది తెలియదని కాదు. వాళ్ళ వీధిలోనూ ఒక వైరుబుట్టో, ఊలు కుక్కపిల్లో ఇలాగే ఇల్లిల్లూ తిరుగుతూ ఉండేది. అయినా అడిగేవాళ్ళు అడగాలి, చెప్పేవాళ్ళు చెప్పాలి. పంచాయతీ నల్లా అయినా ఒకరోజు ఎగ్గొట్టేది గానీ, ఈ అబద్ధం ఏనాడూ ఎగ్గొట్టలేదు.

రెండువేల రెండులో, ఎండాకాలం చివర, పర్వతాలు కూతురు భవితను చూడటానికి అలియాబాద్ నుంచి మనుషులు వస్తున్నారని కబురొచ్చింది. ఆ పొద్దున భవిత తల్లి సాలమ్మ చిలుక కోసం వెళ్తే అది అప్పటికే వెనక వీధిలో మరో పెళ్ళిచూపులకు పోయి ఉంది. సాయంత్రానికి గానీ రాదన్నారు. సాలమ్మ వచ్చి ఖాళీ అర ముందు నిలబడింది. భవితకు అల్లికలూ కుట్లూ చిన్నప్పటినుంచీ పడవు, సూది పట్టుకుంటే ఆవలింతలు. ఇంట్లో చేత్తో చేసిన వస్తువంటూ ఉన్నది ఒక్కటే. సాలమ్మ కొడుకు గదిలోకి వెళ్ళి, బల్ల మీద గుడ్డ కప్పి ఉన్న దాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చి షోకేసులో పెట్టింది. కొడుకును అడగాలని ఆమెకు తోచలేదు. ఇంట్లో వస్తువు ఇంటి అవసరానికి వాడుకోవడానికి ఒకరిని అడిగేదేముంది?

అది బాలేష్ చేసిన అంతరిక్ష నౌక.

బాలేష్ భవితకు అన్న. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. చెల్లెలి పెళ్ళయ్యాకే తన పెళ్ళి, అది ఎటూ ఖాయం కాబట్టి ఆ విషయం అతనూ ఎత్తేవాడు కాదు. మందుబిళ్ళల కంపెనీలో ప్యాకింగ్ పని. పొద్దంతా మాత్రల పట్టీలు ముందు నుంచి పోతూ ఉంటాయి, అట్టపెట్టెలు నిండుతూ ఉంటాయి, మళ్ళీ ఖాళీ పెట్టెలు వస్తూ ఉంటాయి. ఏదీ అయిపోయింది అనిపించని పని. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య మూల చిరిగిన డబ్బా ఒకటి కనిపించింది. మీద జపాను అక్షరాలు, నల్లటి ఆకాశంలో బూడిదరంగు ఓడ. లోపల ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉన్న వందల ముక్కలు. ఏ సినిమాలోదో అమ్మినవాడికీ తెలియదు, బాలేష్‌కూ తెలియదు. తెలుసుకోవాలని కూడా అతనికి అనిపించలేదు. కొని తెచ్చుకున్నాడు.

ముక్కల్ని చట్రం నుంచి గోళ్ళు తీసే కట్టరుతో కోశాడు. కోసినచోట మిగిలిన బుడిపెను బ్లేడుతో చెక్కాడు. రెండు సగాలు అతికించాక నడుమ కనబడే గీత మీద కార్లకు పెట్టే పుట్టీ పెట్టి, ఆరాక గరుకుగా ఉండే వాటర్ పేపర్‌తో తడిపి తడిపి రుద్దాడు, వేలికి తగలకుండా పోయేదాకా. ఒకసారి తెలియక పెయింటు షాపులో ఇచ్చిన థిన్నర్‌తో రెక్క తుడిస్తే ప్లాస్టిక్ కరిగి బంక అయింది. రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ తర్వాత పాత స్కేలు ముక్కలు కోసి ఆ రెక్కను మళ్ళీ కొత్తగా చేశాడు. పెన్సిలు ములుకు అరగదీసి ఆ పొడి రుద్దితే బూడిదరంగు ప్లాస్టిక్‌కు ఇనుము మెరుపొచ్చింది. కిరసనాయిలు బుడ్డి మసిని దూదితో అద్ది ఇంజన్ల నోళ్ళ దగ్గర నలుపు చేశాడు. ఏడాదికి పైనే పట్టింది. భవిత అప్పుడప్పుడు వచ్చి పక్కన కూర్చుని జామకాయ తింటూ చూసేది. పర్వతాలు మాత్రం ఒకసారి గదిలోకి తొంగిచూసి "గిది నీళ్ళల్ల తేలుతదా, గాలిల ఎగురుతదా?" అని అడిగాడు. ఏదీ కాదని తెలిశాక మళ్ళీ ఆ ముచ్చట ఎత్తలేదు. సాలమ్మ ఓసారి ఇంజన్ల మసిని మురికి అనుకుని తడిగుడ్డతో తుడవబోతే బాలేష్ ఆమె చేతిలోంచి గుడ్డ లాక్కున్నాడు. అదీ ఆ నౌకకు ఇంట్లో జరిగిన మర్యాద.

ఆ రోజు బాలేష్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి చూపులు మొదలైపోయాయి. పెళ్ళికొడుకు రాఘవేందర్, అతని తల్లి దుర్గాబాయి కుర్చీల్లో ఉన్నారు. రాఘవేందర్‌కు కరీంనగర్ రోడ్డు మీద, అలియాబాద్ దగ్గర, బండ్ల డెంటింగు పెయింటింగు షెడ్డు ఉంది. దుర్గాబాయి షోకేసు వైపు గడ్డం ఎగరేసి "గిదేంది?" అంది. సాలమ్మ నోట పాత మాటే వచ్చేసింది.

"మా బిడ్డనే చేసింది."

బాలేష్ గుమ్మంలోనే ఆగిపోయాడు. భవిత తలెత్తి అన్నను చూసింది. చిలుక అయితే అక్కడితో అయిపోయేది. చూసేవాళ్ళు తలూపి చాయ్ తాగేవాళ్ళు. కానీ రాఘవేందర్ కుర్చీలోంచి లేచాడు. షోకేసు దగ్గరకెళ్ళి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, నౌకను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తలుపు తీయవచ్చా అని అడిగి తీశాడు. వేలితో దాని వెన్ను నిమిరాడు.

"అతుకు ఏడున్నదో దొరుకుతలేదు" అన్నాడు. "ఎట్ల చేసినవ్?"

"పుట్టీ పెట్టి... వాటర్ పేపర్‌తోటి రుద్దిన" అంది భవిత. జామకాయ తింటూ చూసిన చదువు అక్కరకొచ్చింది.

"గీ నలుపు? కావాల్ననే పెట్టినవా?"

"ఆఁ."

రాఘవేందర్ తల్లి వైపు తిరిగాడు. "చూసినవానే అమ్మా, గిది కొత్త బండి కాదు. మస్తు దూరం తిరిగొచ్చిన బండి. పెయింట్ ఏస్తే అందరేస్తరు. తిరిగొచ్చినట్టు చేసుడున్నది చూడు, అది చేతనైతే వేరే" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ బాలేష్ చెప్పులు విప్పడం మరిచిపోయాడు. ఏడాది పాటు ఆ నౌక మీద అతను చేసిందంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. తిరిగొచ్చిన బండి. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు. తనకు తానైనా ఇంత సూటిగా చెప్పుకోలేదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఉన్న జనంలో ఒక్కడికి అర్థమైంది. ఆ ఒక్కడు భవిత మొహంలోకి చూసి నవ్వుతున్నాడు.

సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది.

పర్వతాలు ఆ సాయంత్రం కొడుకును పక్కకు పిలిచి "నీది పోయిందేముంది కొడుకా, నీ చెల్లె మంచిగుంటది" అన్నాడు. బాలేష్ సరే అన్నాడు. అనక ఏం చేస్తాడు? కానీ భవిత ఊరుకోలేదు. పెళ్ళికి ముందు రోజు, చేతులకు గోరింటాకు పెట్టుకుని ఏదీ ముట్టుకోలేక కూర్చుని, అన్నను పిలిచింది. "పెళ్ళయినంక నేనే చెప్తనే అన్నా. మంచిగ టైం చూసి చెప్త. ఒట్టు" అంది. అడగకుండానే ఇచ్చిన మాట. బాలేష్‌కు అదే పెద్ద కట్నం పెట్టినట్టయింది. మర్నాడు బీరువాతో, మంచంతో పాటు నౌక కూడా డీసీఎం వ్యాను ఎక్కింది. థర్మాకోల్ తొలిచి దాన్ని పొందిగ్గా అందులో కూర్చోబెట్టింది బాలేషే.

మంచి టైం రాలేదు. మొదట కొత్త కాపురమంది. తర్వాత అత్తగారి ఒంట్లో బాగాలేదంది. ఆ తర్వాత ఇప్పుడే చెప్తే ఇన్నాళ్ళెందుకు చెప్పలేదంటాడేమో అంది. అందులో అబద్ధం లేదు, ఒక్కో వారం గడిచేకొద్దీ ఆ మాట ఇంకా బరువెక్కుతోంది. బాలేష్ అలియాబాద్ వెళ్ళినప్పుడల్లా చెల్లెలి కళ్ళలోకి చూసేవాడు, ఆమె చూపు తిప్పుకునేది.

వాళ్ళింట్లో నౌక లేదు, షెడ్డులో ఉంది. రాఘవేందర్ తను కూర్చునే చోట అద్దాల పెట్టె చేయించి అందులో పెట్టాడు. బండ్లు రిపేరుకు తెచ్చినవాళ్ళందరికీ "మా ఇంటామె చేసింది" అని చూపించేవాడు. లారీ డ్రైవర్లు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. ఒక రోజు బాలేష్‌నూ భుజమ్మీద చెయ్యేసి తీసుకెళ్ళాడు. మర్యాద కొద్దీ ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

"నువ్వు అన్నవైనా గింత దగ్గర్నుంచి చూసి ఉండవ్ బావా. గిటు రా. ఇంజన్ కాడ చూడు. కాటుక పెట్టింది కాటుక."

బాలేష్ నోరు అదుపు తప్పింది. "కాటుక జిడ్డుంటది బావా. దీపం మసి అయ్యుంటది."

"నీకేం ఎరుక బావా" అని నవ్వాడు రాఘవేందర్. "చేసినామెనే అడిగిన నేను."

బాలేష్ కూడా నవ్వాడు. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు అతనికి కడుపు మండింది. మనిషి మీద కాదు. మనిషి బంగారం. ఆ మనిషితో కూర్చుని ఎలా చేశానో, ఎక్కడ చెడగొట్టానో, రెక్క కరిగిన రోజు ఎలా ఏడ్చానో చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది. చాయ్ ముందు పెట్టుకుని చెప్పుకోవాల్సిన మాటలు. అతనికి లోకంలో దోస్తు అనదగిన మనిషి దొరికాడు, తీరా ఆ దోస్తీ చెల్లెలి పేరు మీద ఉంది.

రెండేళ్ళకు భవిత కడుపుతో ఉంది. ఏడో నెలలో పుట్టింటికి తీసుకొచ్చారు. చీరల సంచీతో పాటు ఒక పెద్ద డబ్బా కూడా దిగింది. రాఘవేందర్ కొన్నాడు. దుబాయిలో పనిచేసే ఎవరితోనో చెప్పి తెప్పించాడట. పాతదానికి మూడింతలున్న నౌక. "పుట్టింట్ల పనేం ఉండది గదా, కూసోని చేసుకో, కాన్పయ్యేసరికి అయితది" అని ముచ్చటపడి ఇచ్చాడట.

భవిత ఆ డబ్బాను అన్న మంచం మీద పెట్టింది. తర్వాత "నేర్పియ్యే అన్నా" అంది.

"ఏంది?"

"నాకు నేర్పియ్యి. నేనే చేస్త. అప్పుడు అబద్ధముండది. పాతదంటే పాతది, గిది నాదైతది. నా పానం సల్లవడుతది."

బాలేష్ ఆమెను ఒకసారి చూశాడు. ఒక ముక్క కోయమన్నాడు. ఆమె చేతులు ఉబ్బి ఉన్నాయి. కట్టరు జారి, సన్నటి కడ్డీ విరిగింది. "నీతోటి కాదు" అన్నాడు బాలేష్. "ఇంకోటి ఇయ్యి, జర పైలంగ కోస్త" అందామె. అతను డబ్బా మూత పెట్టేశాడు. కడ్డీదేముంది, అగ్గిపుల్ల చెక్కి పెట్టినా సరిపోతుంది. అతనికి భయం పట్టుకుంది మరో దానికి. ఓపిగ్గా నేర్పితే ఆ పిల్లకు వచ్చేస్తుంది. వచ్చేస్తే ఇక అతనిదంటూ మిగిలేదేమీ లేదు. అబద్ధం నిజమైపోతుంది. ఆ మాట అతను లోపలే తొక్కిపెట్టి, "నేను చేస్త. కానీ ఒక్క షరతు" అన్నాడు.

"చెప్పు."

"ఇరవై ఒకటో దినం తొట్టెల ఏస్తరు గదా. బావ వస్తడు. అందరి ముంగట చెప్పాలె. గిదీ, అదీ, రెండూ అన్ననే చేసిండు అని."

భవిత చేత్తో పొట్ట పట్టుకుని మెల్లగా లేచింది. "చెప్త" అంది. "నాకు సుత నిద్రపడ్తలేదే అన్నా. చెప్త."

పెయింటు వాసన చెల్లెలికి పడదని బాలేష్ డాబా మీద రేకుల కింద కూర్చుని చేశాడు. గాలి తిరిగిన రోజుల్లో జవహర్‌నగర్ చెత్త దిబ్బల కంపు అక్కడిదాకా వచ్చేది. అది కూడా అతనికి తెలిసేది కాదు. ఈసారి ఏ ముక్కా కరగలేదు. చేతులకు అన్నీ ముందే తెలుసు. ఒక రెక్క మీద గీతలు పెట్టాడు, పాతబడిన బస్సు ఒంటి మీద చెట్టుకొమ్మలు గీసినట్టు. ఒకచోట పాత రంగు పొట్టు లేచి, కింద ఇంకో పాత రంగు కనబడేలా చేశాడు. ఇదంతా ఒక్కడి కోసం. రాఘవేందర్ ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ వేలు పెడతాడో, ఏమంటాడో, ప్రతిదీ అనుకుని చేశాడు. అతను "ఎట్ల చేసినవ్ బావా?" అని అడిగితే చెప్పాల్సిన జవాబులు లోపల్లోపల చెప్పుకుంటూ చేశాడు. ఆ నెలల్లో బాలేష్ ఉన్నంత సంతోషంగా ఆ ఇంట్లో ఎవరూ లేరు.

భవితకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు ఉయ్యాల వేడుకకు వాకిట్లో షామియానా వేశారు. బగారన్నం, మటన్. రాఘవేందర్ తల్లితో, నలుగురు చుట్టాలతో జీపులో దిగాడు. లోపలికొచ్చి బిడ్డను ఎత్తుకుని ముద్దాడి, బిడ్డను చంకలో అలాగే పెట్టుకుని, కళ్ళతో గదంతా వెతికాడు. కిటికీ పక్క బల్ల మీద కొత్త నౌక ఉంది.

"అబ్బ" అన్నాడు మెల్లగా. బిడ్డను దుర్గాబాయికి అందించి బల్ల దగ్గరకు వెళ్ళాడు.

బాలేష్ తలుపు పక్కన నిలబడ్డాడు. అనుకున్నట్టే రాఘవేందర్ ముందు ఇంజన్ల దగ్గర ఆగాడు. అనుకున్నట్టే రెక్క గీతల మీద వేలు పెట్టాడు. పొట్టు లేచిన చోట వంగి, మొహం ఆనించినంత దగ్గరకు పెట్టి చూశాడు. "మా షెడ్డుల పదేండ్లు పనిచేసినోడు గిట్ల చెయ్యలేడు. కింద రంగు ఏసి, మీద రంగు ఏసి, లేపిందే. లేపింది, గానీ గోరు పెట్టినట్టు లేదు. భవితా, ఎట్ల చేసినవే?" అన్నాడు.

భవిత తొట్టెల తాడు పట్టుకుని నిలబడి ఉంది. అన్నను చూసింది. బాలేష్ తలూపాడు.

"నేను చెయ్యలే" అందామె.

"ఆఁ?"

"అన్న చేసిండు. మొదటిది సుత అన్ననే చేసిండు. నేను ముట్టలే. మొన్న చెప్దామనుకున్న, పండుగకు చెప్దామనుకున్న... భయమైంది. ఇగ దాసిపెట్టుడు నాతోటి కాదు."

సాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాలేష్ ఒక అడుగు ముందుకేశాడు. ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న జవాబులన్నీ నోటి దాకా వచ్చి ఉన్నాయి. సోడా ఉప్పు అద్ది రంగు లేపిన సంగతి ముందు చెప్పాలనుకున్నాడు.

రాఘవేందర్ నౌకను చూశాడు. బాలేష్‌ను చూశాడు. మళ్ళీ నౌకను చూశాడు. ఆ చూపులో ఏదో ఆరిపోవడం బాలేష్ కళ్ళారా చూశాడు. రెక్క అదే, గీతలు అవే, మసి అదే. చూసేవాడు మాత్రం దాన్ని చూడటం మానేశాడు.

"నువ్వా?" అన్నాడు రాఘవేందర్. కోపం కూడా లేదు ఆ గొంతులో. "ఆడివిల్ల గిసోంటిది చేసిందంటే ఒక ముచ్చట బావా. నలుగురికి చెప్పుకున్న. మొగోడు, ముప్పై దాటినోడు, కూసోని ప్లాస్టిక్ బొమ్మలు అతికిచ్చిండంటే... ఏం చెప్పుకుంటరు?"

ఎవరో చుట్టం కిసుక్కున నవ్వాడు. రాఘవేందర్ వేలికంటిన పొడిని ప్యాంటుకు తుడుచుకుని భార్య వైపు తిరిగాడు. "అంటే ఆ పొద్దు నన్ను కూసోపెట్టి అబద్ధం చెప్పిన్రు" అన్నాడు. "రెండేండ్ల సంది షెడ్డుకొచ్చిన ప్రతి ఒక్కనికి చెప్పిన నేను. నన్ను పాగల్‌గాన్ని చేసిన్రు. ఇంకేమేం దాసినవ్?"

దుర్గాబాయి అప్పటికే కోడలి వైపు నుంచి ముఖం తిప్పుకుంది. పర్వతాలు లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు. భవిత తొట్టెల తాడును రెండు చేతులకూ చుట్టుకుంది. బాలేష్ ఆ చేతుల్ని చూశాడు. ఈ మాట చెప్పించింది తను. నేర్పమంటే నేర్పనిదీ తనే. ఎవడి కోసం ఇంత చేశాడో ఆ మనిషి అసలెప్పుడూ లేడు. ఆ రోజు షోకేసు ముందు వంగినవాడు చూసింది నౌకను కాదు, నౌక చేసే ఆడపిల్లను. తిరిగొచ్చిన బండి అన్న మాట కూడా ఆమె గురించే అన్నాడు. బాలేష్‌కు ఏడుపు రాలేదు. తనను చూస్తే తనకే రోత పుట్టింది, ఇంత తెలివితక్కువగా ఒక మనిషిని నమ్ముకున్నందుకు.

అతను గట్టిగా నవ్వాడు.

"గేంది బావా, గట్ల పరేషాన్ అయితవ్" అన్నాడు. "మేమిద్దరం కలిసి మజాక్ చేసినం. నువ్వు గుర్తువడ్తవా లేదా అని. నాకు గివి ఎట్లొస్తయ్? గోలీల డబ్బాలు నింపెటోన్ని. భవితనే చేసింది. డాబా మీద కూసోని చేసింది. అమ్మను అడుగు."

అడగకముందే సాలమ్మ "అవునయ్యా, మా బిడ్డనే" అంది. ఆ మాట ఆమెకు ఎప్పుడైనా సులువే.

రాఘవేందర్ ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. బాలేష్ నవ్వుతూనే ఉన్నాడు. నమ్మాలని ఉన్నవాడిని నమ్మించడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. రాఘవేందర్ భుజాలు దిగాయి, ముఖంలోకి నెత్తురొచ్చింది. "నీ యవ్వ బావా, పానం జల్లుమన్నది గదా. గసోంటి మజాక్ చేస్తరా?" అని బాలేష్ వీపు మీద చరిచాడు. మళ్ళీ బల్ల వైపు తిరిగాడు. రెక్క మళ్ళీ గొప్పదైపోయింది. వంగి, వేలు పెట్టి, చుట్టాలను పిలిచి చూపించాడు. "గిటు రాండ్రి. గీ ఓపిక మొగోళ్ళకు ఏడుంటది? చెప్పు బావా, మనతోటి అయితదా గిది?"

"కాదు బావా" అన్నాడు బాలేష్.

వంటింట్లో భవిత అతన్ని పట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కృతజ్ఞతేమీ లేదు వాటిలో.

"చెప్పుమన్నది నువ్వే గదనే" అంది. "మూడు నెలల సంది దినాలు లెక్కపెట్టుకుంట కూసున్న. ఒక్క ఘడియ ఓపిక పట్టకపోతివి. తిట్టుకునెటోడు, రెండు దినాలు మాట్లాడకుంటుండెటోడు, అయిపోతుండె. ఇగ నేనెన్నడు నిజం చెప్పినా మజాకే అంటడు."

"నీ సంసారం..." అని ఏదో అనబోయాడు బాలేష్.

"నా సంసారం నాకొదిలెయ్యరాదు? నేర్పియ్యమంటే నేర్పియ్యకపోతివి. చెప్తే చెప్పనియ్యకపోతివి." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "గిదానికంటె పెద్దది తెప్పిస్తడట. జీపుల వచ్చుకుంట అన్నడంట మా అత్తతోటి. తెస్తడు. ప్రతి ఏడు తెస్తడు. చెయ్యి ఇగ. నేను ముసలిదాన్నయ్యేదాక నా పేరు మీద చేసుకుంట కూసో."

బయట పంక్తి వేశారు. "మటన్ బకెట్ ఏదిరా" అని పర్వతాలు కేకేశాడు. బాలేష్ బకెట్ అందుకుని వెళ్ళాడు. రాఘవేందర్ విస్తరి ముందు కూర్చుని, పక్కనున్న చుట్టానికి రంగు ఎలా లేపాలో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. గుడ్డకు థిన్నర్ అద్ది తుడిస్తే లేస్తుందట. థిన్నర్ తగిలితే రెక్క మొత్తం కరిగిపోతుందని బాలేష్ చెప్పలేదు. ముద్ద కలుపుకోవడానికి బావ చేతులు ఎప్పుడు ఖాళీ అవుతాయా అని గరిటె పట్టుకుని నిలబడ్డాడు.